డాట్ కామ్ రేటుకు పరిమితి ఉంది, అది మీ బిల్లు దాకా రాదు

మీరు అడిగింది ఇదీ: ఆత్రేయపురంలో పూతరేకుల వ్యాపారం. నిరుడు 199 రూపాయలకు డాట్ కామ్ పేరు తీసుకున్నారు. ఈసారి రెన్యువల్ బిల్లు 1,298 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 1,531 దాటింది. ఏడాది తిరిగేసరికి ఆరున్నర రెట్లు పెంచితే అడిగే నాథుడే లేడా, ఏ ప్రభుత్వమూ ఈ రేట్లను కట్టడి చెయ్యదా, డాట్ ఇన్‌కు మారిపోతే బాధ తప్పుతుందా అని.

నేను పంతొమ్మిదేళ్లుగా కాకినాడలో చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెడుతున్నాను. వాళ్ల డొమైన్ల గడువు తేదీలు కనిపెట్టుకుని ఉండటం కూడా నా పనే. అందుకని కొంచెం పొడవుగానే రాస్తాను. ముందు ఒక్క మాట: పేరు మార్చకండి. ఆ పేరు ఇప్పటికే మీ డబ్బాల మీద, బిల్లు పుస్తకం మీద, గూగుల్ మ్యాప్‌లో ఉంది. డల్లాస్‌లో ఉన్న వాళ్లు సంక్రాంతికి ఆర్డర్ పెట్టేది ఆ పేరు కొట్టే. ఆరేడు వందలు మిగుల్చుకోవడానికి వదులుకునేది కాదది.

ఇక అదుపు సంగతి. ఉంది, కాకపోతే మీరు అనుకుంటున్న చోట లేదు.

మీ బిల్లును విప్పి చూద్దాం. డాట్ కామ్ పేర్ల పట్టిక మొత్తం ఒకే కంపెనీ నడుపుతుంది. దాని పేరు వెరిసైన్, అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో ఉంటుంది. ఇలాంటి సంస్థను రిజిస్ట్రీ అంటారు. మీరు పేరు కొన్నది దాని దగ్గర కాదు, రిజిస్ట్రార్ దగ్గర, అంటే చిల్లర అమ్మకందారు దగ్గర. ప్రతి డాట్ కామ్ పేరుకూ ఏడాదికి 10.26 డాలర్లు రిజిస్ట్రార్ వెరిసైన్‌కు కట్టాలి. ఆ పైన ఐకాన్ అనే సంస్థకు 20 సెంట్లు. ప్రపంచం మొత్తానికి డొమైన్ల వ్యవస్థను సమన్వయం చేసేది ఈ ఐకానే, 1998లో కాలిఫోర్నియాలో లాభాపేక్ష లేని సంస్థగా పెట్టారు. డాలరుకు 88 రూపాయలు వేసుకుంటే రెండూ కలిపి 920 రూపాయలు. మీ 1,298లో అది తీసేస్తే మిగిలే 378 రిజిస్ట్రార్‌ది. అందులోంచే కార్డు చార్జీలు, ఫోన్లెత్తే మనుషుల జీతాలు, లాభం.

అంటే నిరుడు మీకు 199కి అమ్మినవాడు తన జేబులోంచి ఏడు వందలు పెట్టుకుని అమ్మాడు. ఈ ఏడాది మీరు కదలరని ఆ రోజే లెక్క వేసుకున్నాడు. మీ బిల్లులో రేటు పెరగలేదు, నిరుటి తగ్గింపు పోయింది. మనకు ఇది చప్పున తట్టదు. సబ్బు అయినా బిస్కట్ అయినా ప్యాకెట్ మీద ఎం.ఆర్.పి. చూసి కొనే అలవాటు మనది. డొమైన్‌కు ఎం.ఆర్.పి. లేదు. పరిమితి ఉన్నది టోకు రేటు మీద, అదీ డాట్ కామ్ లాంటి ఒకటి రెండు పొడిగింపులకే (పొడిగింపు అంటే పేరు చివర చుక్క తర్వాత వచ్చే ముక్క). చిల్లర రేటు మీద ఎక్కడా, ఎవరూ పరిమితి పెట్టలేదు. చిల్లర అమ్మేవాళ్లు వందల్లో ఉన్నారు, నచ్చకపోతే మరో రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లొచ్చు, కాబట్టి అక్కడ పోటీ చాలన్నది వాళ్ల వాదం. ఈ ముక్క వరకు నాకూ సమ్మతమే. చికాకంతా టోకు రేటుతోనే.

ఆ టోకు రేటు ఎలా పుట్టిందో కొంచెం వెనక్కి వెళ్లి చెప్తాను, లేకపోతే ఇవాళ్టి గొడవ బోధపడదు. 1995 సెప్టెంబరు దాకా డాట్ కామ్ పేర్లు ఉచితం. అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చిన కాంట్రాక్టు మీద నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే కంపెనీ ఆ పని చేసేది. ఆ నెల నుంచి రెండేళ్లకు 100 డాలర్లు పెట్టారు. అందులో 30 శాతం ఇంటర్నెట్ అభివృద్ధి నిధికి పోయేది. చట్టసభ ఆమోదం లేకుండా ఇలా వసూలు చేయడం పన్ను వేయడమేనని కోర్టుకెక్కారు, 1998లో ఆ 30 శాతం తీసేసి రెండేళ్లకు 70 డాలర్లు చేశారు. అప్పటికి కొట్టూ గోదామూ రెండూ ఆ ఒక్క కంపెనీవే. 1999లో ఐకాన్ వచ్చి రెంటినీ విడదీసింది. ఎవరైనా రిజిస్ట్రార్‌గా గుర్తింపు తెచ్చుకుని అమ్ముకోవచ్చు, గోదాము మాత్రం ఒక్కటే ఉంటుంది, దాని రేటు స్థిరం. ఆ రేటు త్వరలోనే 6 డాలర్ల దగ్గర కుదురుకుంది. 2000లో వెరిసైన్ ఆ కంపెనీని కొనేసింది, తర్వాత చిల్లర వ్యాపారాన్ని అమ్మేసి గోదామును మాత్రం ఉంచుకుంది. లాభం ఎక్కడుందో వాళ్లకు ముందే తెలుసు.

2006 ఒప్పందంతో పరిస్థితి మారింది. అప్పటిదాకా 6 డాలర్లంటే 6 డాలర్లే. కొత్త ఒప్పందం ప్రకారం ఆరేళ్లలో నాలుగుసార్లు 7 శాతం చొప్పున పెంచుకోవచ్చు. వెరిసైన్ నాలుగుసార్లూ పెంచింది, 2012 జనవరికి 7.85 డాలర్లు అయింది. అదే ఏడాది చివర అమెరికా వాణిజ్య శాఖ అడ్డం పడింది. వెరిసైన్‌తో ఆ శాఖకు వేరే ఒక సహకార ఒప్పందం ఉంది, ఐకాన్ ఒప్పుకున్నా దాని అనుమతి లేనిదే రేటు కదలదు. ఆ అధికారం వాడి 7.85 దగ్గర బిగించేశారు. ఆరేళ్లపాటు ఒక్క సెంటు కదల్లేదు, డాట్ కామ్ సంఖ్య ఆ కాలంలోనూ పెరుగుతూనే ఉంది, సేవలో లోపం రాలేదు. రేటు బిగిస్తే వ్యవస్థ కుంటుపడుతుందనే వాళ్లకు ఆ ఆరేళ్లే జవాబు.

2018లో అదే శాఖ ఆ ముడి విప్పింది. ప్రతి ఆరేళ్లలో మొదటి రెండేళ్లు ఊరుకుని, చివరి నాలుగేళ్లు ఏటా 7 శాతం పెంచుకోవచ్చంది. 2020లో ఐకాన్ కూడా తన ఒప్పందాన్ని అలాగే మార్చుకుంది. ఆ సందర్భంలోనే వెరిసైన్ ఇంటర్నెట్ భద్రత పనుల కోసమని ఐకాన్‌కు అయిదేళ్లలో 2 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. రేటు చూడాల్సిన సంస్థ, రేటు పెంచుకునే కంపెనీ నుంచి అదే సమయంలో డబ్బు తీసుకోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. ఆ తర్వాత 2021 సెప్టెంబరులో 8.39, 2022లో 8.97, 2023లో 9.59, 2024లో 10.26. ఇచ్చిన నాలుగు అవకాశాల్లో ఒక్కటీ వదల్లేదు. 2024 ఆగస్టులో ధరల గురించి మాట్లాడదామని వాణిజ్య శాఖలోని ఎన్‌టీఐఏ విభాగం వెరిసైన్‌కు లేఖ రాసింది, ఆ నవంబరులో సెనేటర్ ఎలిజబెత్ వారెన్, ప్రతినిధుల సభ సభ్యుడు జెర్రీ నాడ్లర్ దీని మీద చర్య తీసుకోమని ప్రభుత్వాన్ని అడిగారు. అయినా ఒప్పందం మరో ఆరేళ్లకు కొనసాగింది. దాని ప్రకారం 2026 అక్టోబరు చివరి నుంచి మళ్లీ ఏటా 7 శాతం పెంచే వీలుంది. నాలుగుసార్లూ వాడుకుంటే 2030కి టోకు రేటు 13.45 డాలర్ల దగ్గరికి చేరుతుంది.

67 సెంట్లే కదా అనుకోవచ్చు. 2024 పెంపు అంతే మరి. కానీ డాట్ కామ్ పేర్లు పదిహేనున్నర కోట్లకు పైగా ఉన్నాయి. ఒక్కో పేరు మీద 67 సెంట్లు అంటే ఏడాదికి పది కోట్ల డాలర్ల పైమాట. దానికి కొత్త ఫ్యాక్టరీ కట్టనక్కర్లేదు, కొత్త సరుకు తయారు చేయనక్కర్లేదు. 2024లో వెరిసైన్ ఆదాయం దాదాపు 156 కోట్ల డాలర్లు, అందులో నూటికి 67 పైన నిర్వహణ లాభం. వాళ్ల పని చిన్నదని అనను. డాట్ కామ్ సర్వర్లు ఇన్నేళ్లలో పడిపోయిన రోజు లేదు, రోజూ వచ్చే దాడులను కాచుకోవడం ఆషామాషీ కాదు. అది 6 డాలర్ల రోజుల్లోనూ జరిగింది, 7.85 రోజుల్లోనూ జరిగింది. పరిమితి పేరుతో కట్టింది గోడ అయితే ఇలా ఉండదు, వీళ్లు కట్టింది మెట్ల దారి.

పోటీ పెట్టి చూస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. 2005లో డాట్ నెట్‌కు ఐకాన్ పోటీ పిలిచింది. దాన్ని నడుపుతున్నది వెరిసైనే, పోటీలో గెలిచిందీ వెరిసైనే, కానీ 6 డాలర్ల రేటు 3.50కు దిగింది, ఐకాన్ రుసుము 75 సెంట్లు అదనం. అదే కంపెనీ, అదే సర్వర్లు, వేరే కంపెనీలు పోటీకి దిగాయి కాబట్టి రేటు దాదాపు సగమైంది. ఆ ఒప్పందంలోనే తర్వాత ఏటా 10 శాతం దాకా పెంచుకోవచ్చని రాశారు, మళ్లీ పోటీ పిలవకుండా రెన్యువల్ చేస్తూ పోయారు. ఇప్పుడు డాట్ నెట్ టోకు రేటు 10 డాలర్లు దాటింది. డాట్ కామ్‌కు ఆ ఒక్కసారి పోటీ కూడా ఎన్నడూ పెట్టలేదు. మన దగ్గర ఊరి చెరువు చేపల పాటకైనా గడువు తీరాక మళ్లీ వేలం వేస్తారు.

అసలు ఈ పరిమితులే అక్కర్లేదనే వాళ్లున్నారు, వాళ్ల వాదాన్నీ విందాం. ఇప్పుడు వెయ్యికి పైగా పొడిగింపులు ఉన్నాయి, డాట్ షాప్, డాట్ స్టోర్, డాట్ ఆన్‌లైన్ ఏదైనా తీసుకోవచ్చు, డాట్ కామ్ ఖరీదైతే జనం అటు పోతారు, మార్కెట్టే చూసుకుంటుంది అంటారు. ఇంకా పేరు కొనని మనిషికి ఈ మాట నూటికి నూరుపాళ్లు వర్తిస్తుంది. మీకు మాత్రం వర్తించదు. కొట్టు ఇంకా తీసుకోని వాడు బజారంతా తిరిగి అద్దె చూసుకోగలడు. పదేళ్లు ఒకే చోట వ్యాపారం చేసి, ఊరందరికీ ఆ గుమ్మం అలవాటు చేసినవాడిని యజమాని అద్దె పెంచితే పక్క వీధికి పొమ్మనడం వేరు. డొమైన్‌లో పోటీ కొనే రోజున ఉంటుంది, మర్నాటి నుంచి ఉండదు. అందుకే కొత్త రిజిస్ట్రేషన్ రేటు వాళ్లిష్టానికి వదిలేసినా, రెన్యువల్ రేటుకు గట్టి పరిమితి ఉండి తీరాలన్నది నా అభిప్రాయం. ఇన్నేళ్లలో నా దగ్గరికి కన్నీళ్లతో వచ్చిన వాళ్లందరూ రెన్యువల్ దగ్గర చిక్కుకున్నవాళ్లే.

ఈ తేడా గుర్తించకపోతే ఏమవుతుందో డాట్ ఆర్గ్ విషయంలో చూశాం. తెలుగు వికీపీడియా ఉన్నది డాట్ ఆర్గ్ మీదే, తానా సైటూ అంతే. స్వచ్ఛంద సంస్థలకు అది ఇంటిపేరు లాంటిది. దాన్ని నడిపే పబ్లిక్ ఇంటరెస్ట్ రిజిస్ట్రీకి ఏటా 10 శాతానికి మించి పెంచకూడదనే షరతు ఉండేది. 2019లో ఐకాన్ ఆ షరతు తీసేస్తామంటే మూడు వేలకు పైగా అభిప్రాయాలు వచ్చాయి, దాదాపు అన్నీ వద్దనే. అయినా జూన్ 30న తీసేసింది. నవంబరులో ఆ రిజిస్ట్రీని ఎథోస్ క్యాపిటల్ అనే ప్రైవేటు పెట్టుబడి సంస్థకు 113.5 కోట్ల డాలర్లకు అమ్ముతున్నట్టు ప్రకటన వచ్చింది. ప్రపంచమంతటా గగ్గోలు లేచింది, కాలిఫోర్నియా అటార్నీ జనరల్ హెచ్చరిస్తూ లేఖ రాశారు, 2020 ఏప్రిల్ 30న ఐకాన్ బోర్డు ఆ అమ్మకాన్ని ఒప్పుకోలేదు. నేమ్‌చీప్ అనే రిజిస్ట్రార్ వేసిన ఫిర్యాదు మీద స్వతంత్ర ప్యానెల్ 2022 డిసెంబరులో తీర్పు చెబుతూ, డాట్ ఆర్గ్, డాట్ ఇన్ఫోల పరిమితి తీసేసిన తీరు ఐకాన్ సొంత నియమాలకే విరుద్ధమని తేల్చింది. ఆ తీర్పు చదివిన రోజు నాకు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు.

2013 నుంచి వచ్చిన కొత్త పొడిగింపులకు అసలు రేటు పరిమితే లేదు. 2017లో యూనిరిజిస్ట్రీ అనే రిజిస్ట్రీ తన పొడిగింపుల్లో కొన్నిటి రేట్లు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెంచబోతున్నట్టు చెప్పింది, వాటిని అమ్మడం ఆపేస్తున్నామని గోడాడీ అనే పెద్ద రిజిస్ట్రార్ ప్రకటించింది. అప్పటికే ఆ పేర్ల మీద వ్యాపారం కట్టుకున్నవాళ్లకు మాత్రం వెనక్కి పోయే దారి లేదు. వాటి ఒప్పందంలో ఉన్న రక్షణ ఇంతే: రెన్యువల్ రేటు పెంచాలంటే రిజిస్ట్రీ 180 రోజుల ముందు రిజిస్ట్రార్లకు చెప్పాలి, ఈలోపు పాత రేటుకే పదేళ్ల దాకా రెన్యువల్ చేసుకోవచ్చు. మీ పేరు ఒక్కదానికే వేరే రేటు వేయడానికి వీల్లేదు, కొన్న రోజే మీరు ఒప్పుకుని ఉంటే తప్ప. అందుకే ప్రీమియం అని రాసి ఉన్న పేరు కొనేటప్పుడు రెన్యువల్ కూడా ప్రీమియమేనా అని చూసుకోండి. నాకు తెలిసిన ఒక ఆక్వా వ్యాపారి అది చూసుకోక మూడేళ్లకు పేరు వదిలేశాడు.

ఇక డాట్ ఇన్. ఇది ఐకాన్ రేట్ల పరిధిలోకి రాదు, ఏ దేశపు పొడిగింపుకు ఆ దేశమే రేటు చూసుకుంటుంది. మనకు నిక్సి అనే లాభాపేక్ష లేని సంస్థ, కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ కింద నడుపుతుంది. సాంకేతిక నిర్వహణను మాత్రం టెండరు పిలిచి ఇస్తారు: 2019లో అఫిలియాస్ నుంచి న్యూస్టార్‌కు, 2025లో టూకోస్‌కు మారింది. నిర్వహణ చేతులు మారినా మన పేర్లు అలాగే పనిచేశాయి. డాట్ కామ్‌కు ఇలా పోటీ పెడితే కొంప మునుగుతుందనే వాళ్లకు మన దేశమే ఉదాహరణ. రిజర్వు బ్యాంకు బ్యాంకులన్నిటినీ బ్యాంక్ డాట్ ఇన్ పేర్లకు మారమన్నప్పుడు వాటిని నమోదు చేసే బాధ్యత హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీకే ఇచ్చారు. తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా ఉంది. వీలైతే మీ పేరు డాట్ ఇన్‌లో తీసుకుని, దాన్ని డాట్ కామ్‌కు మళ్లించి ఉంచుకోండి. ఇంకొకడు తీసుకోకుండా కాపలాకు, అంతే. ఉన్న ఇల్లు ఖాళీ చేయకండి.

మీరు ఇప్పుడు చేయాల్సింది. మొదట రిజిస్ట్రార్‌ను మార్చండి. ట్రాన్స్‌ఫర్ చేస్తే ఒక ఏడాది రెన్యువల్ అందులోనే కలిసి వస్తుంది, గడువులో మిగిలిన రోజులు పోవు. టోకు రేటుకే, లాభం వేసుకోకుండా ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్ లాంటివీ ఉన్నాయి, కాకపోతే అక్కడ మీ డీఎన్ఎస్, అంటే మీ పేరు కొడితే సైటు ఏ సర్వర్‌లో ఉందో చెప్పే వివరాలు, కూడా వాళ్ల దగ్గరే ఉంచాలి. ఎక్కడికి వెళ్లినా మొదటి ఏడాది రేటు చూడకండి, రెన్యువల్ రేటు, ట్రాన్స్‌ఫర్ రేటు, గడువు దాటాక వెనక్కి తెచ్చుకునే రేటు, ఈ మూడూ చూడండి. రెన్యువల్ రేటూ, ఆ మూడో రేటూ బయటికి ప్రకటించాలని ఐకాన్ నియమం ఉంది. గడువుకు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, దాటాక అయిదు రోజుల్లోపు ఒకసారి మెయిల్ పంపాలన్నదీ నియమమే. ఆ మెయిళ్లు సైటు చేసిపెట్టిన కుర్రాడికి వెళ్తుంటే మీకేం లాభం? ఖాతాలో మీ మెయిల్, మీ ఫోన్ నంబరు ఉన్నాయో లేదో ఈ రోజే చూడండి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, 2014లో నా క్లయింటు, ఒక విత్తనాల డీలరు, పాత డెవలపర్ పేరు మీద ఉన్న డొమైన్ గడువు దాటించాడు. పేరు తొలగింపు దశలోకి పోయింది. ఆ దశలో ముప్ఫై రోజులు వెనక్కి తెచ్చుకునే అవకాశం ఉంటుంది, రిజిస్ట్రీ 40 డాలర్లు తీసుకుంటుంది, రిజిస్ట్రార్ దానిమీద తన వంతు వేస్తాడు. ఆయన తొమ్మిది వేలు కట్టాడు. కట్టినందుకు బాధపడలేదు, ఖరీఫ్ మొదలయ్యే వారంలో సైటు లేకపోయినందుకు పడ్డాడు. అందుకని ఆటో డెబిట్ మీదా నమ్మకం పెట్టుకోకండి. 2021 అక్టోబరులో రిజర్వు బ్యాంకు కొత్త నియమాలు వచ్చాక విదేశీ రిజిస్ట్రార్ల దగ్గర మన కార్డుల ఆటో చెల్లింపులు చాలామందికి ఆగిపోయాయి.

ఫిర్యాదు చెయ్యొచ్చా అంటే, రేటు ఎక్కువన్న ఒక్క కారణానికి కుదరదు. కొన్న రోజు స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకుని ఉంటే మాత్రం చూడండి. రెన్యువల్ రేటు ఎక్కడా చూపించకపోయినా, మీరు అడగని ఈమెయిల్ ప్యాకేజీ కార్టులో వాళ్లంతట వాళ్లే వేసినా, డార్క్ ప్యాటర్న్‌ల మీద, అంటే కొనేవాళ్లను తప్పుదోవ పట్టించే వెబ్‌సైట్ ఎత్తుల మీద, 2023 నవంబరులో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు వాటిని తప్పు పడుతున్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయించండి.

డాట్ కామ్ టోకు రేటు పెంచాలంటే వెరిసైన్ ఆరు నెలల ముందు చెప్పాలి. ఆ కబురు ఎప్పుడు వచ్చినా, అమల్లోకి వచ్చేలోపు మీ శక్తి కొద్దీ అయిదేళ్లకో పదేళ్లకో పాత రేటుకే రెన్యువల్ చేసేయండి. పదేళ్లకు మించి ఎవరూ ఇవ్వరు.

ట్రాన్స్‌ఫర్‌కు మాత్రం ఆలస్యం చేయకండి. మీ ఖాతాలో డొమైన్ లాక్ తీసి, ఆథ్ కోడ్, అంటే పేరును మరో రిజిస్ట్రార్‌కు మార్చుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతం, అడగండి. అడిగిన అయిదు రోజుల్లో ఇవ్వాలి. గడువుకు ఎన్ని రోజులుందో మీరు రాయలేదు. పది రోజుల కంటే తక్కువ ఉంటే ఈసారికి అక్కడే 1,531 కట్టేసి, రెండు నెలలాగి మార్చండి. అప్పుడు మార్చినా మీరు కట్టిన ఏడాది ఎక్కడికీ పోదు.